కొప్పులో కుంచె పెట్టుకున్న గిజిగాడు

కాళ్ళు కడుక్కున్నావా? దుప్పటి కప్పుకున్నావా? సరే, అయితే విను నీలూ. ఊఁ కొట్టడం మాత్రం మానకు. నువ్వు ఊఁ కొట్టకపోతే నీకు చెబుతున్నానో గోడకి చెబుతున్నానో నాకు తెలియదు.

అనగనగా ఒక ఊళ్ళో అని మొదలెట్టాలి గానీ, దాన్ని ఊరని కూడా అనలేం. గోదారి మధ్యన ఒక లంక. చుట్టూ నీళ్ళు, మధ్యన మట్టి మేట, దాని మీద కొబ్బరిచెట్లు, అరటితోటలు, కొన్ని ఇళ్ళు. ఎవరు రావాలన్నా పోవాలన్నా పడవే.

ఆ లంకలో ఇద్దరు అప్పచెల్లెళ్ళు ఉండేవారు. పెద్దావిడ పేరు భ్రమరాంబ, చిన్నావిడ పేరు పేరిందేవి. పెద్దావిడ మొగుడు చిన్న వయసులోనే పోయాడు. చిన్నావిడ అసలు పెళ్ళే చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడక్కు, అది వేరే కథ. తల్లి కూడా పోయాక ఇద్దరూ ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి మీద వండుకుని తింటూ ఉండేవారు.

పేరిందేవి చేసే పనేవిటంటే, పిల్లలకి బొమ్మల పుస్తకాలు తయారుచెయ్యడం. కథా ఆవిడదే, బొమ్మలూ ఆవిడవే. బొమ్మ వేస్తూ వేస్తూ చెయ్యి ఖాళీ కావలసివస్తే కుంచెని కొప్పులో గుచ్చేసుకునేది. ఆ తర్వాత కుంచె ఏదీ అని ఇల్లంతా వెతికేది. అందుకని ఆవిడ జుట్టు ఒకరోజు పచ్చగా, ఒకరోజు ఎర్రగా ఉండేది. లంకలో వాళ్ళకి అలవాటైపోయి దాని గురించి ఎవరూ అడిగేవారు కాదు.

ఏడాదికి ఒక్కటే పుస్తకం. అదీ ఎప్పుడు పడితే అప్పుడు కాదు. వానలు వెనకపట్టి, గోదారిలో ఎర్రనీళ్ళు తేటపడి, ఇసుకతిప్పల మీద రెల్లు తెల్లగా పూసేదాకా ఆగేది. రెల్లు పూసిందంటే శరత్తు వచ్చినట్టే. ఆ రోజు పొద్దున్నే పేరిందేవి అటక మీంచి కాగితాలు దించేది. అట్లతద్ది నాటికి పుస్తకం పూర్తయ్యేది.

అట్లతద్దికి ఆడపిల్లలు ఉయ్యాలలూగుతారు కదా. ఆ లంకలో పిల్లలు రేవు పక్కన చింతకొమ్మకి ఉయ్యాల కట్టేవారు. ఊగి ఊగి ఒళ్ళు అలిసిపోయాక అందరూ ఆ చెట్టు కిందే చతికిలబడేవారు. అప్పుడు పేరిందేవి కొత్త పుస్తకం పట్టుకుని వచ్చి చదివి వినిపించేది. ఆ తర్వాతే అది పడవెక్కి పట్నంలో అచ్చుకి వెళ్ళేది.

ఆవిడకి కథలు ఎక్కణ్ణించి వచ్చేవీ అంటావా? ఎక్కణ్ణించో కాదు, కళ్ళెదుట ఉన్నవే. పడవ నడిపే గంగులు ఒంటికాలి మీద నిలబడి చుట్ట వెలిగించుకునేవాడు. అది చూసి ఒక ఏడు పేరిందేవి కొంగ కథ చేసింది. ఆ కొంగకి గంగులు తలపాగా పెట్టింది. గంగులు మురిసిపోయి, పడవెక్కిన వాళ్ళందరికీ ఆ బొమ్మ చూపించేవాడు. ఇంకో ఏడు పాలు పోసే నూకాలమ్మ నవ్వు తీసుకెళ్ళి ఒక కప్పకి పెట్టింది. నూకాలమ్మ కూడా ఏమీ అనుకోలేదు సరికదా, ఆ కప్పకి తన ముక్కుపుడక కూడా పెట్టి ఉంటే బావుండేదంది. ఓహో, పుస్తకంలోకి ఎక్కడమంటే అందరికీ సరదాయే అనుకుంది పేరిందేవి.

ఊఁ కొడుతున్నావా? కొట్టు మరి.

ఇప్పుడు ఆవిడ పనిచేసే పద్ధతి చెబుతాను. పేరిందేవి కథని రాయకముందే చెప్పేది. ఎవరికి చెప్పేది? అక్కయ్యకి. మధ్యాన్నం భోజనాలయ్యాక భ్రమరాంబ వంటింటి గడప దగ్గర కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ ఉండేది. చెల్లెలు గోడకి చేరబడి కథ చెప్పేది. అక్క ఊఁ కొట్టేది.

ఊఁ అంటే అన్ని ఊఁలూ ఒకటి కావు. చప్పున పడే ఊఁ ఒకటి ఉంది. అది పడ్డచోట పేరిందేవి బొమ్మ వేసేది. ఆలస్యంగా పడే ఊఁ ఇంకోటి. అది పడ్డచోట కథని కోసేసేది. మూడోది పొడుగ్గా, కడుపులోంచి వచ్చేది. ఆ ఊఁ అనేటప్పుడు భ్రమరాంబ చేతిలో చిక్కుడుకాయ చేతిలోనే ఆగిపోయేది. అక్కడ పేజీ తిప్పాలన్న మాట. ఆ మూడో ఊఁ కోసమే పేరిందేవి కథలు కట్టేదని నేననుకుంటాను.

కాగితాలు సర్ది, దారం ఎక్కించి పుస్తకం కుట్టేది కూడా భ్రమరాంబే. కానీ కుట్టేటప్పుడు బొమ్మల మీద పాత గుడ్డ కప్పుకుని, అంచు ఒక్కటే చూసి కుట్టేది. బొమ్మలు మాత్రం పిల్లలతో పాటు చెట్టు కిందే చూడాలని ఆవిడ ముచ్చట. ఈ ముచ్చటే కొంప ముంచింది. ఎలాగో విను.

భ్రమరాంబకి ఒక అలవాటు ఉండేది. కనపడ్డ వస్తువునల్లా భద్రంగా దాచేది. దాచాక ఎక్కడ దాచిందో మరిచిపోయేది. బెల్లం దాచి మరిచిపోయేది, చీమలు చెప్పేవి. కళ్ళజోడు నెత్తి మీద పెట్టుకుని మరిచిపోయేది. నడుముకి ఇంత తాళాలగుత్తి వేలాడేది గానీ, ఏ తాళం ఏ పెట్టెదో ఆవిడకే తెలియదు. ఏది అడిగినా "ఎక్కడో భద్రంగానే పెట్టానే" అనేది.

వాటన్నిటికీ ఆవిడా నవ్వేది, చెల్లెలూ నవ్వేది. ఒక్కదానికి మాత్రం నవ్వేవారు కాదు. తల్లి పోయాక ఆవిడ వెండి కుంకుమభరిణని, పోకుండా ఉండాలని, భ్రమరాంబ ఎక్కడో భద్రంగా పెట్టింది. అంతే సంగతులు. బియ్యం బస్తా కుమ్మరించింది. పెట్టెలన్నీ బోర్లించింది. అటకంతా దింపించింది. దొరకలేదు. ఒకరోజు చెల్లెలి పక్కన కూర్చుని, "అమ్మ వస్తువు ఒక్కటే ఒక్కటి మిగిలితే అదీ పోగొట్టానే" అని చెప్పి ఏడ్చింది. ఎవరితోనూ అనకమంది. పేరిందేవి అననంది.

ఆ తర్వాత ఒక శరత్తులో పేరిందేవికి ఎలుక కథ తట్టింది. పొలం గట్లలో ఎలుకలు వరికంకులు పట్టుకెళ్ళి దాస్తాయి కదా. అలా దాచి దాచి మరిచిపోయే ఎలుక కథ. అందులో ఆ ఎలుక వాళ్ళమ్మ ఇచ్చిన ఒక బంగారు కంకిని కూడా దాచి మరిచిపోతుంది. భ్రమరాంబ చిక్కుడుకాయలు ఒలుస్తూ ఆ కథంతా విని ఊఁ కొట్టింది. నవ్వింది కూడా.

ఆ తర్వాత పేరిందేవి బొమ్మలకి కూర్చుంది. ఎలుక నడుం బోసిగా ఉందనిపించి, ఒక తాళాలగుత్తి కట్టింది. నెత్తి మీద కళ్ళజోడు పెట్టింది. చివరికి బంగారు కంకి వేసింది గానీ, ఎంత వేసినా అది గడ్డిపరకలాగే కనిపించింది. ఏం వెయ్యాలా అని ఆలోచిస్తూ ఉంటే చెయ్యి దానంతటది ఒక భరిణ వేసేసింది. పద్మం మూత, పక్కన చిన్న సొట్ట, అన్నీ అచ్చు గుద్దినట్టు పడ్డాయి. బొమ్మ బాగా కుదిరింది. పేరిందేవి తృప్తిగా నిద్రపోయింది.

అట్లతద్ది వచ్చింది. పిల్లలు చెట్టు కింద కూర్చున్నారు. మొదటి పేజీ తిప్పేసరికి తాళాలగుత్తి కనిపించింది. పిల్లలు బొమ్మ చూసి, భ్రమరాంబ నడుం చూసి నవ్వారు. ఆవిడా నవ్వింది. ఆ తర్వాత కళ్ళజోడు వచ్చింది. ఇంకా నవ్వారు. ఆవిడ కొంచెం తక్కువ నవ్వింది. ఆ తర్వాత భరిణ వచ్చింది. ఎలుక దానికోసం తలకిందులుగా కలుగులో దూరి ఏడుస్తూ ఉంది. పిల్లలు పొట్టలు పట్టుకున్నారు.

అందులో ఒక చిన్నపిల్ల, పాపం దానికేం తెలుసు, ఎలుకంటే ఆవిడే కదా అనుకుని, "భ్రమరాంబత్తయ్యగారూ, మీ భరిణ దొరికిందాండీ?" అని అడిగింది.

భ్రమరాంబ లేచి, కొంగు దులుపుకుని ఇంటికి వెళ్ళిపోయింది. మర్నాడు పెరటి వసారాలో మూడు ఇటుకలు పేర్చుకుని, విడిగా పొయ్యి పెట్టుకుంది.

ఒకే ఇంట్లో రెండు పొయ్యిలంటే ఏవిటో నీకు తెలియదులే. గొడవపడి అరుచుకుంటే రెండురోజుల్లో పోతుంది. పొయ్యి వేరుపడితే అంత తొందరగా పోదు. లంకంతా చూస్తుంది, ఒక ఇంటి మీంచి రెండు పొగలు లేవడం.

పేరిందేవికి ముందు కోపమే వచ్చింది. "గంగుల్ని వేశాను, నూకాలమ్మని వేశాను, ఎవరూ అలగలేదు. ఈవిడకే ఎందుకంత?" అనుకుంది. ఆ పుస్తకాన్ని అచ్చుకి పంపేసింది కూడా. అది అచ్చయి, ఎక్కడెక్కడి పిల్లలో చదువుకుని నవ్వారు. లంకలో పిల్లలు భ్రమరాంబని ఎలుకమ్మత్తయ్యా అనడం మొదలెట్టారు. పేరిందేవి రుచీపచీ లేని చారు కాచుకుని తింటూ, తప్పు ఒప్పుకోకుండా ఏడాది గడిపేసింది. అక్కాచెల్లెళ్ళు "తలుపెయ్యి", "వానొస్తోంది", "పిల్లి దూరింది" అనుకోవడం తప్ప వేరే మాటల్లేవు.

మళ్ళీ వానలు వెనకపట్టాయి. గోదారి తేటపడింది. రెల్లు పూసింది. తూనీగలు తిరుగుతున్నాయి. పేరిందేవి అటక మీంచి కాగితాలు దించింది. ఈ ఏడు కోడిపుంజు కథ చేద్దామనుకుంది. చెప్పడానికి గోడకి చేరబడింది. వంటింటి గడప దగ్గర ఎవరూ లేరు.

చెప్పకుండా రాయడం ఆవిడకి చేతకాదు. ఎక్కడ బొమ్మ వెయ్యాలో, ఎక్కడ పేజీ తిప్పాలో ఏమీ తెలియలేదు. అట్లతద్ది దగ్గరకొచ్చేస్తోంది. పిల్లలు అప్పుడే గోరింటాకు ఎవరింట్లో ఎక్కువుందో చూసుకుంటున్నారు. అప్పుడు పేరిందేవి, ఊఁ కొట్టేవాళ్ళు లోకంలో అక్కయ్య ఒక్కతేనా ఏవిటి అనుకుని బయల్దేరింది.

మొదట రేవుకి వెళ్ళి గంగులు పడవెక్కింది. గంగులు తెడ్డు వేస్తూ ఉంటే కోడిపుంజు కథ చెప్పింది. గోదారి వాళ్ళు పెద్దవాళ్ళతో ఊఁ అనరు కదా, ఆయ్ అంటారు. గంగులు తెడ్డు పడ్డప్పుడల్లా "ఆయ్" అన్నాడు. కథ అయిపోయింది.

"బావుందా గంగులూ?" అంది పేరిందేవి.

"ఆయ్."

"ఎక్కడైనా విసుగొచ్చిందా?"

"ఆయ్."

పేరిందేవి పడవ దిగేసింది.

ఆ తర్వాత బడి పంతులుగారి దగ్గరికి వెళ్ళింది. ఆయన కుర్చీ వేసి కూర్చోబెట్టి, శ్రద్ధగా విన్నాడు. ఊఁ కొట్టలేదు గానీ, కోడిపుంజు గోడెక్కగానే "దీనివల్ల పిల్లలకి తెలిసే నీతి ఏవిటండీ?" అన్నాడు. కోడిపుంజు గోడ దిగగానే మళ్ళీ అదే అన్నాడు. కూసినా నీతి కావాలి, కూయకపోయినా నీతి కావాలి. ఆ పుంజుకి ఊపిరాడక పేరిందేవి కథ మధ్యలోనే లేచి వచ్చేసింది.

ఆ తర్వాత పిల్లల్నే పిలిచి అరుగు మీద కూర్చోబెట్టింది. కొట్లోంచి మరమరాల ఉండలు తెప్పించి పక్కన పెట్టుకుంది. అక్కడే పొరపాటైంది. పిల్లల కళ్ళన్నీ ఉండల మీద ఉన్నాయి. కథ తొందరగా అయితే ఉండలు తొందరగా వస్తాయని, ఆవిడ నోరు తెరవకముందే "ఊఁ ఊఁ ఊఁ" అన్నారు. నువ్వూ అంతే, జంతికల డబ్బా కనపడితే.

పిల్లలు ఉండలు పట్టుకుని పోయాక పేరిందేవి ఒక్కతే అరుగు మీద కూర్చుంది. పెరట్లోంచి అక్క పోపు వేసిన వాసన వచ్చింది. అప్పుడు ఆవిడకి బెంగ పుట్టింది. పుస్తకం కోసం కాదు, అక్క కోసమే. ఆ మూడో ఊఁ ఎవరి దగ్గరా లేదు. అది ఒక్క మనిషి దగ్గరే ఉంది, ఆ మనిషి గోడకి అవతల ఉంది.

ఇంట్లో కూర్చోలేక ఇసుకతిప్ప వైపు నడుచుకుంటూ వెళ్ళింది. రెల్లంతా గాలికి ఒకవైపే వాలుతోంది. తిప్ప చివర ఒక తాడిచెట్టు ఉంది. దాని నిండా గిజిగాళ్ళ గూళ్ళు వేలాడుతున్నాయి. పిల్లలు ఎగిరిపోయి గూళ్ళు ఖాళీ అయ్యే కాలం అది. ఒక గూడు గాలికి తెగి ఇసుకలో పడి ఉంది.

పేరిందేవి దాన్ని చేతిలోకి తీసుకుంది. ఎంత పనితనం అనుకుంది. తిప్పి తిప్పి చూస్తే, తాటి పీచు మధ్యన నెమలికంఠం రంగు దారప్పోగు ఒకటి కనిపించింది. ఎక్కడో చూసిన రంగే. భ్రమరాంబ పాత చీర అంచు. పెరట్లో దండెం మీద ఆరేసినప్పుడు గిజిగాడు పీక్కుపోయి ఉంటాడు.

పేరిందేవి ముందు నవ్వింది. పక్షి ఎంత తెలివిగా దొంగతనం చేసిందో అనుకుంది. ఆ తర్వాత నవ్వు ఆగిపోయింది. ఆ పోగుని మెల్లగా లాగి చూసింది. రాలేదు. గట్టిగా లాగితే గూడే విడిపోయేలా ఉంది. ఆ గూడు ఒళ్ళో పెట్టుకుని పొద్దువాలేదాకా అక్కడే కూర్చుంది. ఏం చేసిందో ఆవిడకి అప్పుడు అర్థమైంది. గంగులు తలపాగా అందరూ చూస్తున్నదే. నూకాలమ్మ నవ్వు అందరూ విన్నదే. అక్క ఏడుపు మాత్రం తన ఒక్కదానికే చెప్పుకున్నది.

నిద్రపోతున్నావా? లేదా? సరే.

మర్నాటి నుంచి పేరిందేవి తలుపేసుకుని బొమ్మలు వేసింది. ఈసారి ముందు కథ చెప్పలేదు, ముందే బొమ్మలు వేసింది. అవి ఆరాక అన్నీ పట్టుకుని పెరటి వసారాలోకి వెళ్ళింది. భ్రమరాంబ పొయ్యి ముందు కూర్చుని వంకాయలు తరుగుతోంది. తల ఎత్తలేదు.

"కథ చెప్పడానికి రాలేదు అక్కయ్యా. బొమ్మలు చూడు. నువ్వు చూడంది ఒక్కటి కూడా ఈసారి ఇల్లు దాటదు" అంది పేరిందేవి.

భ్రమరాంబ చాలాసేపు వంకాయలే తరిగింది. ఆ తర్వాత చెయ్యి తుడుచుకుని కళ్ళజోడు కోసం వెతుక్కుంది. ఎలుక కళ్ళజోడు మళ్ళీ గుర్తుచెయ్యడం ఇష్టంలేక, పేరిందేవి నెత్తి మీద ఉందని చెప్పకుండా ఊరుకుంది. కాసేపటికి ఆవిడకే దొరికింది.

మొదటి బొమ్మలో ఒక గిజిగాడు గూడు అల్లుతున్నాడు. పక్షులన్నీ చుట్టూ చేరి మెచ్చుకుంటున్నాయి. ఆ గిజిగాడికి నెత్తి మీద కొప్పు ఉంది. కొప్పులో పచ్చరంగు కుంచె ఉంది. భ్రమరాంబ ఆ బొమ్మని దగ్గరగా పెట్టుకుని చూసింది.

రెండో బొమ్మలో ఆ గిజిగాడు చూరు కింద ఉన్న పిచ్చుక గూట్లోంచి ఒక నెమలికంఠం దారం లాగుతున్నాడు. పిచ్చుక చూడటం లేదు. మూడో బొమ్మలో పిచ్చుక గూడు ఊడి కిందపడింది. పిచ్చుక చూరు చివర తడుస్తూ కూర్చుంది. గిజిగాడి గూడు మాత్రం దారంతో కలిసి ఎంతో అందంగా ఉంది. నాలుగో బొమ్మలో గిజిగాడు ఆ దారం వెనక్కి ఇద్దామని లాగుతున్నాడు. దారం రావడం లేదు.

ఆఖరి కాగితం ఖాళీగా ఉంది.

"ఇదేం, ఏమీ వెయ్యలేదే?" అంది భ్రమరాంబ.

"తెలియలేదు. దారం తీసి ఇద్దామంటే రాదు, అల్లేశాడు" అంది పేరిందేవి. "ఎలుక పుస్తకమూ అంతే అక్కయ్యా. అచ్చయిపోయింది. వెనక్కి తేలేను. అమ్మ భరిణ అందులో వెయ్యకుండా ఉండవలసింది. తప్పంతా నాదే" అంది.

భ్రమరాంబ పొయ్యిలో కట్టె లోపలికి తోసింది. "భరిణ పోయిందనీ కాదు, పిల్లలు నవ్వారనీ కాదే పేరీ. నీ ఒక్కదానికే చెప్పుకున్నాను" అంది.

వంకాయ ముక్కలు నల్లబడ్డాయి.

ఆ తర్వాత భ్రమరాంబ మళ్ళీ మొదటి బొమ్మ చేతిలోకి తీసుకుంది. "ముక్కు ఇంకాస్త పెద్దది వెయ్యి. నీది అంత చిన్నదేం కాదు" అంది.

"వేస్తాను."

"కుంచె ఒక్కటి పెడితే చాలదు. జుట్టు కూడా పచ్చగా ఉండాలి."

"ఉంటుంది."

భ్రమరాంబ ఖాళీ కాగితం వైపు చూసింది. "ఇంత గూడు కట్టుకున్నాడు కదా. లోపల చోటే లేదా? ఆ పిచ్చుకని లోపలికి రమ్మంటే సరిపోయేది. దారమూ దాని దగ్గరే ఉండేది, వీడి గూడూ విడిపోయేది కాదు."

"వస్తుందంటావా?"

"పిలిచి చూశాడా ఏవిటి?"

పేరిందేవి ఆ మూడిటుకల పొయ్యి వైపు చూసింది. "అయితే రా అక్కయ్యా" అంది.

భ్రమరాంబ వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు. కాగితాలన్నీ సర్ది అంచులు కలిపింది. "ముందు ఆ బొమ్మ వేసుకునిరా, కుడతాను. సూది ఎక్కడో భద్రంగానే పెట్టాను, అదీ చూడు" అంది.

ఇంక చూసుకో. ఇద్దరూ కలిసి ఇల్లంతా తిరగేశారు. పోపులడబ్బాలో చూశారు. పరుపుల కింద చూశారు. దేవుడి గూట్లో చూశారు. కిందటేడు దాచిన బెల్లం బయటపడింది, చింతపండు బయటపడింది, పేరిందేవి కుంచె ఒకటి పప్పుల డబ్బాలోంచి బయటపడింది. సూది మాత్రం గోడ మీద క్యాలెండరుకి గుచ్చి ఉంది. అందరి ఇళ్ళల్లోనూ అక్కడే ఉంటుంది కదా, అందుకే ఇద్దరికీ తోచలేదు. చాలా రోజుల తర్వాత ఆ ఇంట్లో ఇద్దరూ ఒకేసారి నవ్వారు.

ఈసారి భ్రమరాంబ బొమ్మల మీద గుడ్డ కప్పలేదు. ఒక్కొక్క బొమ్మా చూస్తూనే కుట్టింది. కుట్టింది గానీ, ఊఁ మాత్రం అనలేదు. పేరిందేవి అడగలేదు. అడిగి అనిపించుకుంటే అది ఊఁ కాదని ఆవిడకి తెలుసు.

అట్లతద్ది వచ్చింది. పిల్లలు తెల్లవారకుండానే లేచి, గోంగూర పచ్చడితో, గడ్డపెరుగుతో అన్నాలు తిని, ఎర్రటి అరచేతులతో ఉయ్యాలలూగారు. ఎండెక్కాక చెట్టు కింద కూర్చున్నారు. పేరిందేవి పుస్తకం పట్టుకుని వచ్చింది. భ్రమరాంబ వస్తుందో రాదో ఆవిడకి తెలియదు. వెనకే రావచ్చని తలుపు తెరిచే ఉంచి వచ్చింది.

మొదటి పేజీ తిప్పింది. కొప్పు, కుంచె, పచ్చజుట్టు, ఇంత ముక్కు. పిల్లలు బొమ్మ చూసి, పేరిందేవి నెత్తి చూసి ఒకటే నవ్వు. "పేరిందేవత్తయ్యగారే" అని ఒకళ్ళకొకళ్ళు చూపించుకున్నారు.

"అవును, నేనే" అంది పేరిందేవి.

రెండో పేజీలో గిజిగాడు దారం లాగాడు. పిల్లలు ఇంకా నవ్వుతూనే ఉన్నారు. మూడో పేజీలో పిచ్చుక వానలో తడుస్తూ కూర్చుంది. నవ్వులు తగ్గాయి. నాలుగో పేజీలో దారం రాలేదు. ఎవరూ కదల్లేదు. గంగులు కూడా చుట్ట తీసి పక్కన పెట్టాడు.

"అప్పుడు గిజిగాడు గూట్లోంచి తల బయటపెట్టి, తడుస్తున్న పిచ్చుకని చూసి, తప్పు చేశాను, లోపలికి రా అన్నాడు" అని చదివింది పేరిందేవి. చదివి ఆగింది. ఒక్క పేజీ మిగిలింది. అది తిప్పడానికి చెయ్యి రాలేదు.

పిల్లల వెనకనుంచి, చింతచెట్టు మొదలు దగ్గర్నించి వినిపించింది.

"ఊఁ."

పొడుగ్గా, కడుపులోంచి వచ్చింది. పేరిందేవి తల తిప్పి చూడలేదు. కళ్ళు తుడుచుకుని పేజీ తిప్పింది. గూడు ఒక్కటే వేలాడుతోంది. దాని గుమ్మంలోంచి రెండు ముక్కులు బయటికి కనిపిస్తున్నాయి. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది.

ఆ సాయంత్రం చందమామ వచ్చాక ఆ ఇంట్లో అట్లు ఒకే పొయ్యి మీద కాలాయి. మూడిటుకలు పెరట్లో పూలమొక్కల చుట్టూ చేరాయి. భ్రమరాంబని పిల్లలు ఎలుకమ్మత్తయ్యా అనడం వెంటనే మానలేదు. కొన్నాళ్ళు అన్నారు. కానీ పక్కనే గిజిగాడత్తయ్యా అని చెల్లెల్ని కూడా అనేవారు కాబట్టి, ఇద్దరూ కలిసి పలికేవారు.

ఏవిటీ, భరిణ దొరికిందా అంటావా? లేదమ్మా, దొరకలేదు. కొన్ని దొరకవు. అక్కాచెల్లెళ్ళు దాన్ని వెతకడం మానలేదు, అంతే. ఈసారి ఇద్దరూ కలిసి వెతికేవారు.

ఆ తర్వాత ప్రతి ఏడూ రెల్లు పూసింది. ప్రతి ఏడూ కొత్త పుస్తకం వచ్చింది. పేరిందేవి కథ చెప్పాక, బొమ్మలు కూడా అక్కయ్య ముందు పెట్టేది. ఆవిడ వద్దన్నది ఎంత బాగా కుదిరినా చింపేసేది. భ్రమరాంబ ఊఁ అన్నదే పుస్తకమయ్యేది.

ఏం పిల్లా? ఊఁ ఏదీ? ఇందాకట్నించీ నేనొక్కదాన్నే మాట్లాడుతున్నానా? సరే, నీ ఊఁ ఆగినచోటే నా కథ కూడా ఆగింది.

కథేమో పడవెక్కి కంచికెళ్ళింది,
రెల్లు పువ్వు గాలెక్కి గట్టు దాటింది,
తడిసిన పిచ్చుక గూడు చేరింది,
మా నీలు కళ్ళల్లోకి నిద్దరొచ్చింది.